'డ్రైవ్' (2011): సగం మందికి మాస్టర్‌పీస్, సగం మందికి బోర్. ఎందుకలా?

మీ ప్రశ్నని ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను, మిగతా వాళ్లకి అర్థం కావాలి కదా. 'డ్రైవ్' అనే హాలీవుడ్ సినిమా ఈమధ్యే ఓటీటీలో, ఫోన్‌లో పగటిపూట చూశారు. మొదటి పది నిమిషాలు కళ్లు ఆర్పకుండా చూశారు. తర్వాత నలభై నిమిషాలు బోర్ కొట్టింది. లిఫ్ట్ సీన్‌లో షాకయ్యారు. రివ్యూలు తిరగేస్తే సగం మంది మాస్టర్‌పీస్ అంటున్నారు, సగం మంది నిద్రొచ్చింది అంటున్నారు. మీరేమైనా మిస్సయ్యారా, స్టైల్ తప్ప విషయం లేదన్న మాట నిజమేనా, చివర్లో హీరో చనిపోయాడా అని అడిగారు. జవాబులో కథ మొత్తం వచ్చేస్తుంది, క్లైమాక్స్‌తో సహా. ఇంకా చూడని వాళ్లు ఇక్కడే ఆగిపోండి.

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా సినిమాలకి సౌండ్ మిక్సింగ్ చేస్తున్నాను. ఈ సినిమా మా పనివాళ్ల మధ్య ఎప్పుడూ చర్చకొస్తూనే ఉంటుంది. ప్రేక్షకుల అభిప్రాయాలు ఇంతలా చీలిపోవడానికి అసలు కారణం కూడా సౌండ్ వైపు నుంచి చూస్తేనే బాగా తెలుస్తుందని నా నమ్మకం. మీరు కథలో ఏమీ మిస్సవలేదు. కథ చిన్నది, మీకు పూర్తిగా అర్థమైంది. మీకు బోర్ కొట్టిన చోట సినిమా డైలాగులతో చెప్పడం మానేసి శబ్దంతో, వెలుతురుతో చెప్పడం మొదలుపెట్టింది. ఆ మార్పుని పట్టుకున్న వాళ్లు ఒకవైపు, పట్టుకోనివాళ్లు ఇంకోవైపు అయ్యారు. ఇందులో తెలివి ఎక్కువా తక్కువా అన్న మాటే లేదు. చాలామంది రివ్యూల్లో "నీకు అర్థం కాలేదు" అని ఎదుటివాళ్లని తీసిపారేస్తున్నారు, అది నాకు నచ్చదు. బోర్ కొట్టిందన్నవాడు అబద్ధం చెప్పడం లేదు. తనకి ఏం జరిగిందో అదే చెప్తున్నాడు.

ఈ చీలిక మన దగ్గర మొదలైంది కూడా కాదు. అమెరికాలో సినిమాస్కోర్ అనే సంస్థ ఉంది. విడుదలైన మొదటి రాత్రి సినిమా చూసినవాళ్ల చేతికి చిన్న కార్డులిచ్చి గ్రేడ్ వేయించుకుంటుంది, ఏ ప్లస్ నుంచి ఎఫ్ దాకా. 2011 సెప్టెంబర్ 16న 'డ్రైవ్' అక్కడ విడుదలైతే వచ్చిన గ్రేడ్ సీ మైనస్. టికెట్ కొని ఇష్టంగా వచ్చినవాళ్లు వేసే గ్రేడ్ అది, అందులో సీ మైనస్ అంటే దాదాపు తిరస్కరించినట్టే. అదే సినిమాకి నాలుగు నెలల ముందు ఫ్రాన్స్‌లో జరిగే కాన్ సినిమా ఉత్సవంలో దర్శకుడు నికొలస్ వైండింగ్ రెఫెన్ ఉత్తమ దర్శకుడి అవార్డు తీసుకున్నాడు. విమర్శకుల్లో పదిమందిలో తొమ్మిదిమంది మెచ్చుకున్నారు. డబ్బు పరంగా నష్టం లేదు. సుమారు కోటిన్నర డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా వచ్చింది.

మరి మొదటి రాత్రి జనం ఎందుకు తిట్టుకున్నారు? ట్రైలర్ చూడండి, తెలిసిపోతుంది. కార్లు గుద్దుకోవడం, టైర్ల పొగ, తుపాకులు, పరుగులు. వరస ఛేజ్‌లు ఉన్న యాక్షన్ సినిమాకి రమ్మని పిలిచారు. మిషిగన్‌లో ఒక ప్రేక్షకురాలు ఏకంగా కోర్టుకెళ్లింది. ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ తరహా సినిమా అన్నట్టు ట్రైలర్ చూపించారు, తీరా చూస్తే డ్రైవింగే చాలా తక్కువ అన్నది ఆమె ఫిర్యాదుల్లో ఒకటి. ఆ కేసు నిలవలేదు. కానీ ఫిర్యాదులో ఆ ముక్క మాత్రం నిజమే. సినిమా పేరు 'డ్రైవ్', నిడివి 100 నిమిషాలు, గట్టి ఛేజ్‌లు లెక్కపెడితే రెండే. మొదట్లో ఒకటి, తాకట్టు దుకాణం దోపిడీ తర్వాత పట్టపగలు ఒకటి. బీచ్ దగ్గర రాత్రి కారుతో కారుని గుద్ది తోసేసే సీన్‌ని ఛేజ్ అనలేం. కాబట్టి "ఛేజ్‌లు లేవు, మోసం" అన్న రివ్యూ ట్రైలర్ మీద ఇచ్చిన తీర్పు. దాన్ని సినిమా మీద తీర్పుగా చదవకండి.

ఇక మీకు నచ్చిన మొదటి పది నిమిషాలకి వద్దాం. అవి ఎందుకు నచ్చాయో తెలిస్తే తర్వాతి నలభై నిమిషాలు ఎందుకు నచ్చలేదో తెలుస్తుంది.

హీరో రాత్రిళ్లు దొంగల్ని కారులో తప్పించే డ్రైవర్. సినిమా మొదలవగానే ఫోన్‌లో తన రూల్ చెప్తాడు. టైమ్, చోటు మీరు చెప్పండి, అయిదు నిమిషాలు నేను మీవాణ్ని, ఆ అయిదు నిమిషాలకి ముందూ వెనకా ఏం జరిగినా నాకు సంబంధం లేదు. తర్వాత బూడిద రంగు షెవర్లే ఇంపాలా తీసుకుంటాడు. కాలిఫోర్నియా రోడ్ల మీద ఎక్కడ చూసినా కనిపించే మామూలు కారు, ఎవరూ రెండోసారి తిరిగి చూడరు. చేతి గడియారం తీసి స్టీరింగ్‌కి కడతాడు. ఇక్కడి నుంచి కళ్లు మూసుకుని వినండి. ఒకవైపు పోలీసుల రేడియోలో వైర్‌లెస్ మాటలు. ఇంకోవైపు కారు రేడియోలో క్లిప్పర్స్ జట్టు బాస్కెట్‌బాల్ కామెంటరీ. అడుగున క్రొమాటిక్స్ బ్యాండ్ చేసిన 'టిక్ ఆఫ్ ద క్లాక్' అనే ట్రాక్, గుండె కొట్టుకున్నట్టు ఒకే తాళంలో. లెదర్ గ్లౌజు స్టీరింగ్ మీద బిగిసినప్పుడు వచ్చే కిర్రుమనే చప్పుడు. పైన హెలికాప్టర్. డైలాగ్ దాదాపు లేదు.

మొదటిసారి చూసినప్పుడు బాస్కెట్‌బాల్ కామెంటరీ ఎందుకో మనకి తెలియదు. పోలీసులు వెంటపడుతుంటే వీడు మ్యాచ్ వింటాడేంటి అనుకుంటాం. చివరికి కారుని స్టేపుల్స్ సెంటర్ పార్కింగ్‌లోకి తీసుకెళ్లి ఆపుతాడు. సరిగ్గా అప్పుడే మ్యాచ్ అయిపోయి జనం గుంపులుగా బయటికొస్తుంటారు. టోపీ పెట్టుకుని ఆ జనంలో కలిసిపోతాడు. మ్యాచ్ ఎప్పుడు ముగుస్తుందో లెక్క చూసుకుంటూ నడిపాడన్నమాట. ఆ మనిషి ఎంత తెలివైనవాడో, ఎంత ఓపికగలవాడో, ఎంత ఒంటరివాడో ఒక్క డైలాగ్ లేకుండా మనకి చెప్పింది ఆ కామెంటరీయే. మా స్టూడియోకి కొత్తగా వచ్చే పిల్లలకి ఈ సీన్ ముందు బొమ్మ లేకుండా వినిపిస్తాను. బొమ్మ లేకపోయినా టెన్షన్ తగ్గదు.

ఇక్కడ మీకు పని సులువు. ప్రమాదం ఉంది, గడియారం ఉంది, తప్పించుకోవాలి. శబ్దాలన్నీ ఆ ఒక్క దారిలోనే వెళ్తాయి. తర్వాత సినిమా అదే పద్ధతిని ప్రేమకి వాడుతుంది. అక్కడ గడియారం లేదు, పోలీసులు లేరు. పక్క ఫ్లాట్‌లో ఐరీన్, ఆమె కొడుకు చిన్న బెనీసియో, ఎదురుగా పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని ముసిముసిగా నవ్వే హీరో. చూపులు, మౌనాలు. మీకు బోర్ కొట్టింది ఇక్కడే. చాలామందికి కూడా ఇక్కడే కొట్టింది.

ఒక్క సీన్ మళ్లీ చూడండి. ఐరీన్ భర్త స్టాండర్డ్ జైలు నుంచి విడుదలై ఇంటికొచ్చాడు. వాళ్లింట్లో పార్టీ. డిజైర్ బ్యాండ్ పాట 'అండర్ యువర్ స్పెల్' మోగుతోంది. కెమెరా పార్టీలో ఉన్నంతసేపు పాట నిండుగా వినిపిస్తుంది. కట్ అయి గోడకి ఇటువైపు, హీరో గదిలోకి రాగానే అదే పాట గొంతు మూసుకుపోయినట్టు, బేస్ (అడుగున ఉండే మందమైన మోత) మాత్రమే గోడలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. అతను బల్ల ముందు కూర్చుని ఏదో ఇంజన్ భాగం బాగుచేసుకుంటున్నాడు. మళ్లీ పార్టీ, మళ్లీ గది. ఆమె సంసారం ఇతనికి గోడ అవతల మోగే పాటలాగా ఉంది, వినిపిస్తుంది, అందదు. తర్వాత కారిడార్‌లో ఇద్దరూ ఎదురవుతారు. గోలకి సారీ అంటుంది ఆమె. పోలీసులకి ఫోన్ చేద్దామనుకున్నా అంటాడు ఇతను. చేసి ఉంటే బాగుండేది అంటుంది ఆమె. మూడే మాటలు. పెళ్లయిన మనిషి తన భర్త తిరిగొచ్చిన రోజు అలా అందంటే, ఆ ముక్క వెనక మామూలు సినిమాల్లోనైతే పావుగంట డైలాగ్ ఉండాలి.

మీరు ఇది ఫోన్‌లో, పగటిపూట చూశారని రాశారు. ఫోన్ స్పీకర్‌లో బేస్ వినిపించదు. గోడకి అటూ ఇటూ పాట మారినట్టే తెలియదు, ఏదో వాల్యూమ్ తగ్గిందనుకుంటారు. ఎండ పడే గదిలో బ్రైట్‌నెస్ మొత్తం పెంచి చూస్తే రాత్రి సీన్లలో నలుపంతా బూడిద రంగులోకి తిరుగుతుంది. "స్లో" అన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం ఇదే అని నాకనిపిస్తుంది. సినిమా ఆ నలభై నిమిషాలూ చెప్పిన విషయాల్లో సగం మీ చెవిదాకా చేరనేలేదు. 84వ ఆస్కార్లలో ఈ సినిమాకి దక్కిన ఒకే ఒక్క నామినేషన్ సౌండ్ ఎడిటింగ్‌కే. అవార్డు 'హ్యూగో'కి వెళ్లింది, అది వేరే సంగతి.

"హీరో మాట్లాడడు, మొహంలో ఎక్స్‌ప్రెషన్ లేదు" అన్నది ఇంకో పెద్ద ఫిర్యాదు. మన ప్రేక్షకులకి మాట్లాడని హీరోలు ఎక్కరు అని కొందరు తేల్చేస్తున్నారు, అది తప్పు. 1989లో 'శివ' వచ్చినప్పుడు తక్కువ మాట్లాడే హీరోని ఊరూరా నెత్తిన పెట్టుకున్నాం. అక్కడ హీరో మౌనంగా ఉన్నా చుట్టూ ఉన్నవాళ్లు అతని గురించి మాట్లాడతారు, అతనికి స్నేహితులు, అన్నావదినలు, కాలేజీ ఉన్నాయి. మౌనానికి చుట్టూ ఒక లోకం ఉంది. 'డ్రైవ్'లో అదీ లేదు. హీరోకి పేరు కూడా లేదు, ఊరు లేదు, గతం లేదు. రయన్ గాస్లింగ్ ముఖం మీద అంత సేపు కెమెరా నిలబెడితే ఆ ఖాళీని ప్రేక్షకుడే నింపాలి. నింపాలనిపించని వాళ్లకి అతను బొమ్మలాగే కనిపిస్తాడు. ఈ ఫిర్యాదుని నేను కొట్టిపారేయను. నటుడి కళ్లు నచ్చకపోతే ఈ సినిమా నిలవదు, అంత సన్నని తీగ మీద నడిచింది.

ఇప్పుడు లిఫ్ట్. హీరో, ఐరీన్, పక్కన ఒక అపరిచితుడు. కోటు లోపల తుపాకీ ఉందని హీరో గమనిస్తాడు. చేత్తో ఐరీన్‌ని నెమ్మదిగా వెనక్కి, మూలకి జరుపుతాడు. లిఫ్ట్‌లో వెలుతురు మారిపోతుంది. అది నిజంగా మారే అవకాశం లేని వెలుతురు. కదలిక నెమ్మదిస్తుంది. లిఫ్ట్ మోటారు చప్పుడు, చుట్టూ ఉన్న హోరు అన్నీ వెనక్కి వెళ్లిపోయి క్లిఫ్ మార్టినెజ్ సంగీతం ఒక్కటే మిగులుతుంది. మొదటి ముద్దు, బహుశా చివరిది. వెంటనే వెలుతురు మామూలుగా అయిపోతుంది, శబ్దం మొత్తం ఒక్కసారి తిరిగొస్తుంది, అతను ఆ మనిషిని కిందపడేసి తల మీద కాలితో తొక్కుతూనే ఉంటాడు. ఒక దెబ్బ దగ్గర ఆపడు.

ఈ సీన్ చూసి సినిమాని ఆపేసిన వాళ్లు చాలామంది ఉన్నారు. "అంత రక్తం అవసరమా" అన్న ప్రశ్న న్యాయమైనదే. నా జవాబు మాత్రం అవసరమే అని. తొక్కడం అయ్యాక ఏం జరుగుతుందో చూడండి. ఐరీన్ తలుపులోంచి బయటికి, పార్కింగ్‌లోకి వెనక్కి అడుగులేస్తుంది. అతను వగరుస్తూ తిరిగి చూస్తాడు. జాకెట్ వీపు మీద ఉన్న తేలు బొమ్మ ఊపిరితో పాటు పైకీ కిందికీ కదులుతుంటుంది. ఆమె మొహంలో కృతజ్ఞత లేదు. భయం ఉంది. తలుపు మూసుకుంటుంది. తనని కాపాడినవాడే తను బతికినంతకాలం భయపడాల్సిన మనిషి అని ఆమెకి తెలిసిన క్షణం అది. ఒక్క గుద్దుతో విలన్ పడిపోయి హీరోయిన్ కౌగిలించుకుంటే మనకి హాయిగా ఉండేది, కానీ సినిమా అబద్ధమైపోయేది. ఇంత మెత్తటి మనిషిలో ఇంత హింస ఎక్కడుందని అప్పటిదాకా ఆగిన మనల్ని సినిమా ఇక్కడ అడుగుతుంది. ముందు ఆ నలభై నిమిషాల నెమ్మది లేకపోతే ఈ దెబ్బ తగలదు. మీకు బోర్ కొట్టిన భాగం, మీకు షాక్ తగిలిన భాగం ఒకదానికొకటి అతుక్కుని ఉన్నవి. ఒకటి తీసేస్తే రెండోది మామూలు ఫైట్ అయిపోతుంది.

స్టైల్ మాత్రమే ఉంది, విషయం లేదు అన్న మాట గురించి. రెఫెన్‌కి రంగులు సరిగా కనిపించవు, మధ్యస్థ రంగుల తేడా తెలియదని ఆయనే చాలాచోట్ల చెప్పాడు. అందుకే ఆయన సినిమాల్లో రంగులు అంత ఎదురెదురుగా ఉంటాయి, ఒకవైపు నారింజ, ఒకవైపు నీలం. కార్ల సినిమా తీసిన ఈ మనిషికి డ్రైవింగ్ లైసెన్స్ కూడా లేదు. సినిమా ఎలా పుట్టిందో కూడా చెప్పాడు. ఫ్లూ జ్వరంతో ఉంటే గాస్లింగ్ కారులో ఇంటికి దింపుతున్నాడట, రేడియోలో పాత రొమాంటిక్ పాట వచ్చిందట, ఈయనకి కన్నీళ్లు ఆగలేదట. రాత్రిళ్లు కారులో పాటలు వింటూ తిరిగే మనిషి కథ తీద్దాం, పాటలే అతని మనసు అని అప్పుడే అనుకున్నారట. అంటే ఇక్కడ పాట అనేది అలంకారం కాదు, హీరో చెప్పని డైలాగ్. టైటిల్స్‌లో కవిన్‌స్కీ 'నైట్‌కాల్' వస్తుంది. పగటి ఎండలో లాస్ ఏంజెలెస్ నది కాలువలో ఐరీన్‌నీ పిల్లాణ్నీ తిప్పినప్పుడు 'ఎ రియల్ హీరో' వస్తుంది. అదే పాట చివర్లో మళ్లీ వస్తుంది, అప్పుడు ఆ పాటలోని పొగడ్త వింటే సంతోషం కలగదు. చాలామంది దీన్ని పూర్తిగా రాత్రి సినిమా అనుకుంటారు కానీ పగటి సీన్లు బోలెడున్నాయి. పగలు అతను గ్యారేజీ పనివాడు, షూటింగుల్లో స్టంట్ డ్రైవర్, పిల్లాడికి స్నేహితుడు. రాత్రి ఇంకొకడు. ఛాయాగ్రాహకుడు న్యూటన్ థామస్ సీగెల్ అప్పట్లో కొత్తగా వచ్చిన ఆరి అలెక్సా డిజిటల్ కెమెరాతో తీశాడు. వీధి దీపాలకే ముఖాలు కనిపించేంత పని ఆ కెమెరా చేస్తుంది. అందుకే కారు లోపలి సీన్లలో బయటి లైట్లు ముఖం మీద పాకుతూ పోవడం అంత సహజంగా ఉంటుంది.

కాబట్టి స్టైల్ తప్ప విషయం లేదన్న మాటని నేను ఒప్పుకోను. కానీ సినిమాలో నిజమైన లోపాలు ఉన్నాయి, అభిమానులు వాటి జోలికి వెళ్లరు.

మొదటిది ఐరీన్. క్యారీ మలిగన్ బాగా చేసింది, చేయడానికి రాతలో ఏమీ ఇవ్వలేదు. హోటల్లో పనిచేస్తుంది, కొడుకుని చూసుకుంటుంది, మంచి మనిషి. అంతే. ఆమెకేం కావాలో, ఇలాంటి భర్తతో ఎలా కుదిరిందో, ఎందుకు వదల్లేదో మనకి తెలియదు. హీరో మౌనానికి లోతుంది, ఆమె మౌనానికి లేదు, ఎందుకంటే ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు సినిమా ఆమెతో ఎక్కువసేపు ఉండదు. దోపిడీలో తోడొచ్చిన బ్లాంచ్ (క్రిస్టీనా హెండ్రిక్స్) పరిస్థితి ఇంకా అన్యాయం, తిట్లు తినడానికీ మోటెల్‌లో ఘోరంగా చచ్చిపోవడానికీ వచ్చినట్టుంది. ఆడవాళ్ల పాత్రలు సన్నగా ఉన్నాయని రాసిన రివ్యూలతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

రెండోది కథలో కాకతాళీయం. హీరోతో రేసు కారు నడిపించాలని పెట్టుబడి పెట్టిన బెర్నీ, దోపిడీ వెనకున్న నీనో పార్ట్‌నర్లు కావడం. అంత పెద్ద ఊరిలో అన్ని దారులూ ఒకే పిజ్జా హోటల్‌కి చేరడం. స్క్రీన్‌ప్లే రాసిన హొస్సేన్ అమీని, జేమ్స్ సాలిస్ 2005 నవల నుంచి తీసుకుని దాన్ని సూటిగా, చిన్నగా చేశాడు. నవలలో కాలం ముందుకీ వెనక్కీ నడుస్తుంది. కుదించినప్పుడు ముడులు బయటికి కనిపించాయి.

బెర్నీ గురించి మాత్రం రెండు వర్గాలూ కలుస్తాయి. ఆ పాత్ర వేసిన ఆల్బర్ట్ బ్రూక్స్ అన్నాళ్లూ కామెడీకి పేరుమోసిన నటుడు. గ్యారేజీలో మొదటిసారి కలిసినప్పుడు నా చేతులు మురికిగా ఉన్నాయి అని హీరో చెయ్యి కలపడానికి వెనకాడతాడు. నావీ అంతే అంటాడు బెర్నీ. ఆ మాట తర్వాత ఎంత బరువెక్కుతుందో చూడండి. హీరో పనిచేసే గ్యారేజీ యజమాని షానన్‌ని రేజర్‌తో కోశాక భయపడకు, నొప్పి ఉండదు, అయిపోయింది అన్నట్టు ఓదారుస్తాడు. అరుపుల్లేని హత్య. లిఫ్ట్ సీన్ కంటే నన్ను ఎక్కువ కలచివేసింది అదే. సినిమా నచ్చని వాళ్ల రివ్యూల్లో కూడా ఆయన పేరు దగ్గర మంచి మాటే ఉంటుంది.

పొగడ్తల్లో కూడా నాకు ఇబ్బంది అనిపించేది ఒకటుంది. తేలు జాకెట్ వేసుకుని, రాత్రిపూట కారులో ఫొటోలు దిగి, ఇతను నేనే అని రాసుకునే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. ఒంటరితనం తెలిసినవాళ్లకి ఆ పాత్ర దగ్గరగా అనిపించడం నాకు అర్థమవుతుంది. కానీ ఐరీన్ మొహం చూడకుండా హీరోని మాత్రమే చూస్తున్నారు. సినిమా ఆ తేలుని ఊరికే పెట్టలేదు. ఫోన్‌లో బెర్నీతో తేలు, కప్ప కథ తెలుసా అని హీరోనే అడుగుతాడు. ఏరు దాటించిన కప్పనే కుట్టి, తానూ మునిగే తేలు కథ. ఆ జాకెట్ వీపు మీద మోస్తున్నది అతని స్వభావం. ఆమె దగ్గరికి తిరిగి వెళ్లలేకపోవడానికి కారణం విలన్లు కాదు, ఆ తేలే. దాన్ని ఆదర్శంగా తీసుకోవడం నాకు బాధగా ఉంటుంది.

చివరి ప్రశ్న. చైనీస్ హోటల్ పార్కింగ్‌లో బెర్నీ కత్తితో పొడుస్తాడు, హీరో తిరిగి పొడుస్తాడు. ఆ పోరు చాలావరకు నేల మీద నీడల్లోనే కనిపిస్తుంది. తర్వాత హీరో కారులో కూర్చుని ఉంటాడు, కళ్లు తెరిచే ఉంటాయి, రెప్ప పడదు. చాలాసేపు. ఆ సేపంతా మనం అతను పోయాడనే అనుకుంటాం. అప్పుడు రెప్ప పడుతుంది, కారు స్టార్ట్ అవుతుంది. దోపిడీ డబ్బున్న సంచి బెర్నీ శవం పక్కనే వదిలేశాడు. అవతల ఐరీన్ వచ్చి అతని తలుపు తడుతుంది, లోపల ఎవరూ లేరు. సినిమా వరకు చూస్తే అతను బతికే ఉన్నాడు, గాయంతో డ్రైవ్ చేస్తూ వెళ్తున్నాడు. ఆ తర్వాత రోడ్డు మీద ఏమయ్యాడన్నది తెరిచి వదిలేశారు. నవల రాసిన సాలిస్ 2012లో 'డ్రివెన్' అని రెండో భాగం రాశాడు, పుస్తకంలో ఆ మనిషి బతికాడు. రెప్ప పడిన షాట్ ఉండగా చనిపోయాడనేవాళ్ల వాదన నాకు ఎక్కదు. డబ్బు వదిలేయడం, ఆమెని వదిలేయడం మాత్రం ఖాయం.

మళ్లీ చూడాలనుకుంటే రాత్రి, లైట్లు ఆపి, మంచి హెడ్‌ఫోన్స్‌తో చూడండి. వెంటనే చూడకండి, ఒకట్రెండు నెలలు ఆగండి, లేకపోతే కథ గుర్తుండి చెవి పని చేయదు. అప్పుడు కూడా బోర్ కొడితే ఈ సినిమా మీది కాదు, ఏ విమర్శకుడి మాటా విని బలవంతంగా ఇష్టపడాల్సిన పని లేదు. ఈ తరహా రాత్రి సినిమాల్లో మాటలూ వేగమూ రెండూ కావాలంటే మైకేల్ మాన్ తీసిన 'కొలాటరల్' (2004) మీకు బాగా పట్టొచ్చు. టాక్సీ డ్రైవర్, అతని బండెక్కిన కిరాయి హంతకుడు, ఒక్క రాత్రి. అందులో ఇద్దరూ తెగ మాట్లాడుకుంటారు, ఎక్కువ భాగం డిజిటల్ కెమెరాతో తీశారు కాబట్టి లాస్ ఏంజెలెస్ ఆకాశం నల్లగా కాకుండా కాంతి కాలుష్యంతో గోధుమ రంగులో మెరుస్తుంది. ఆ తర్వాత 'నైట్‌క్రాలర్' (2014) చూడండి. అందులో హీరో పోలీసు రేడియో వింటూ యాక్సిడెంట్ల దగ్గరికి ముందుగా చేరి వీడియోలు తీసి టీవీ ఛానెల్‌కి అమ్ముతాడు. అతను ఆగకుండా మాట్లాడతాడు, ఆ మాటలే భయం పుట్టిస్తాయి. రెండూ చూశాక ఈ మూడింట్లో మీకు ఏది ఎందుకు నచ్చిందో ఇక్కడే రాయండి, సౌండ్ గురించి ఇంకా అడగాలనుంటే అడగండి, తీరిక దొరికినప్పుడు తప్పకుండా జవాబిస్తాను.